కొళాయి మొదలు దగ్గర కారుతుంటే టేపు ఏ వైపు చుట్టారో చూడండి

ప్రశ్న: అన్నయ్య గారికి నమస్కారం. మాది పర్లాకిమిడి, అద్దె ఇల్లు. బాత్రూంలో కొళాయి గోడలోకి వెళ్లే చోట నీరు కారుతోంది. మా ఆయన తెల్ల టేపు తెచ్చి చుట్టి బిగించారు, కొద్దిరోజులు ఆగి మళ్లీ మొదలైంది. ప్లంబరు రథయాత్ర అయ్యాక వస్తానంటున్నాడు. ఈలోగా మేమే చేసుకోవచ్చా? వాష్‌బేసిన్ కింద కనెక్షన్ పైపు నట్టు దగ్గర కూడా చెమ్మగా ఉంటోంది, దానికీ టేపు చుట్టాం, లాభం లేదు.
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: నిక్షేపంగా చేసుకోవచ్చమ్మా. దేశంలో ఏ ఊరెళ్లినా కనిపించే ప్లంబర్లలో చాలామంది మీ ఒడిశా వాళ్లే, కేంద్రపడా జిల్లా పట్టాముండై వైపు నుంచి వెళ్లినవాళ్లు, అక్కడ ఆ పని నేర్పే ప్రభుత్వ సంస్థ కూడా ఉంది, మీ వీధికి ఒక్కడు రావడానికి మాత్రం జగన్నాథుడు గుడికి తిరిగి చేరాలి!

ముందు నీరు ఎక్కడ నుంచి వస్తోందో తేల్చుకోండి. కొళాయిని పొడిగుడ్డతో తుడిచి కాసేపు చూడండి. మూతి నుంచి చుక్కలు పడితే వాషరు పోయినట్టు, తిప్పినప్పుడు పిడి కింద ఊరితే లోపలి స్పిండిల్ పాడైనట్టు, ఈ రెంటికీ టేపు పనిచేయదు. గోడకు ఆనుకుని ఉండే స్టీలు కప్పును ముందుకు జరిపితే దాని వెనక తడి ఉందంటే మీరు రాసిన బాధే.

ట్యాంకు దగ్గర వాల్వు కట్టేసి, పైపులో మిగిలిన నీరు వదిలేసి, కొళాయి విప్పండి. మరల్లో ఇరుక్కున్న పాత టేపు పీలికలన్నీ పాత టూత్‌బ్రష్‌తో గీకేయాలి, గోడలోపలి మరల్లో ఉన్నవి కూడా. ఇక అసలు కిటుకు చుట్టే వైపులో ఉంది. మర కొస మీ ముఖం వైపు ఉండేలా కొళాయి పట్టుకుని, గడియారం ముల్లు తిరిగే వైపే టేపు చుట్టాలి. ఎదురు చుడితే బిగించేటప్పుడు అది విడిపోయి, మెడ దగ్గర తెల్లగా ఉండ కట్టి బయటికొస్తుంది. మీవారు బిగించినప్పుడు అలాంటి ఉండ కనిపించిందేమో అడగండి, కనిపించిందంటే దొంగ దొరికినట్టే. టేపును కాస్త లాగి పట్టుకుని, మర గాళ్లలో దిగేలా ఎనిమిది పది చుట్లు వేయండి, కొసన ఉన్న మొదటి మర వదిలేయండి, లేకపోతే ముక్కలు తెగి నీటిదారిలో పడతాయి.

మొదట చేత్తోనే ఎక్కించాలి. వంకరగా ఎక్కుతుంటే ఆపి, విప్పి, మళ్లీ మొదలుపెట్టండి. చేతికి బిగిశాక గుడ్డ చుట్టి పానాతో మూతి కిందికి వచ్చేదాకా తిప్పండి. పొరపాటున దాటిపోయిందనుకోండి, వెనక్కి మాత్రం తిప్పొద్దు, ఎంత కొంచెమైనా సరే, వెనక్కి తిప్పితే టేపు పట్టు పోతుంది, విప్పి కొత్త టేపు చుట్టుకోవడమే. చాలామంది పొరపాటు చేసే చోటు ఇదే. బలం కూడా అతిగా వద్దు, గోడలో ఉన్న ఎల్బో, అంటే కొళాయి ఎక్కే వంపు ముక్క, ప్లాస్టిక్ మరలది అయితే పగులుతుంది, అప్పుడు టైల్స్ కొట్టాల్సిందే. సరిగ్గా చుట్టి బిగించినా గోడలోంచి నీరు వస్తుంటే ఎల్బో ముందే పగిలి ఉండొచ్చు, మీరు చేయి పెట్టకుండా ఇంటి యజమానికి చెప్పండి, ఆ ఖర్చు ఆయన పెట్టుకోవాల్సిందే అని నా అభిప్రాయం.

కొత్త కొళాయి కొనాల్సి వస్తే మీ ఊళ్లో కొన్నా, పక్కనే ఉన్న పాతపట్నంలో కొన్నా అర అంగుళం అనే అడగండి, డబ్బా మీద 15 మి.మీ. అని ఉంటుంది. స్కేలు పెట్టి మర కొలవకండి, బయటి కొలత దాదాపు 21 మి.మీ. చూపిస్తుంది, ముప్పావు అంగుళం అనుకుని తెచ్చుకుంటారు.

వాష్‌బేసిన్ కింది నట్టు సంగతి వేరు. అక్కడ నీటిని ఆపేది టేపు కాదు, నట్టు లోపలి రబ్బరు వాషరు. విప్పి చూడండి, అది గట్టిపడో, నొక్కుకుపోయో, అసలు లేకుండానో ఉంటుంది. టేపు తీసేసి, కొత్త వాషరు వేసి, చేత్తో బిగించి పానాతో కొద్దిగా పట్టిస్తే చాలు. పైపు మీది స్టీలు అల్లిక తుప్పు పట్టి తెగుతుంటే మాత్రం వాషరు కోసం వెళ్లినప్పుడే పైపు కూడా కొత్తది తెచ్చుకోండి.