జిరాక్సులో రాని మరక

కథలు రాసేవాళ్ళకి రోజులో చిన్న చిన్న సంతోషాలేంటి, ప్రాణంలా దాచుకున్న వస్తువు ఏదైనా ఉందా అని అడిగారు. సంతోషాల సంగతి ముందు చెప్పేస్తాను, అది తొందరగా అయిపోద్ది. మాది పలాస-కాశీబుగ్గ. తెల్లారి ఐదింటికి లేచి, స్టేషన్లో ఎనౌన్స్‌మెంటు దూరంగా వినిపిస్తుంటే పెన్నులో ఇంకు పోసుకుని, నిన్న రాసిన పేజీలో అతకని మాట ఒకటి కొట్టేసి దాని పైన సరైన మాట రాయడం, దాన్ని మించింది నాకు లేదు. ఆ తర్వాత కొత్త దస్తా కాగితాలు కొనుక్కుని ఇంటికి పట్టుకెళ్ళడం. ఎండాకాలం అయితే జీడిమామిడి పండు ముక్కలు కోసి ఉప్పద్దుకుని తినడం, గొంతు పట్టేసినా సరే.

ఇంక వస్తువు. నా దగ్గర ఒక వీక్లీ ఉంది, దాన్ని ఎవరూ తెరవలేరు. పేజీలన్నీ అతుక్కుపోయి చెక్కముక్కలా అయిపోయింది. మా పిల్లలు రెండుసార్లు పాత పేపర్లతో పాటు అమ్మేయబోతే గొడవ పెట్టుకుని వెనక్కి లాక్కున్నాను.

నేను డిగ్రీ చదువుతున్నప్పుడు, 1996లో, నా మొదటి కథ అందులో పడింది. మా అమ్మ అప్పుడు జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్ళేది. పలాస జీడిపప్పు అని తెల్లగా ప్యాకెట్లలో చూస్తారు కదా, ఆ తెలుపు వెనక ఉన్న చేతులు ఎంత నల్లగా ఉంటాయో చాలామందికి తెలీదు. కాల్చిన పిక్కని రాయి మీద పెట్టి చిన్న కర్రతో కొడతారు, పెంకులోంచి నూనె కారుద్ది, అది చర్మం మీద పడితే కాలుద్ది, తోలు ఊడొస్తుంది. అందుకని చేతులకి బూడిద రాసుకుని కూర్చుంటారు. అయినా వేళ్ళ సందుల్లో, గోళ్ళ చుట్టూ ఆ నలుపు ఉండిపోద్ది, సబ్బుకీ పోదు, చింతపండుకీ పోదు. అన్నం కలిపి మాకు ముద్దలు పెట్టేటప్పుడు కూడా ఆ వేళ్ళే.

ఆ రోజు పనినుంచి వచ్చింది, నేను గుమ్మంలోనే పుస్తకం చూపించాను. అమ్మకి చదువు రాదు. "ఓలమ్మా, ఇందులో నీ పేరేటి, ఓపాలి సూపించు" అంది. చూపించాను. పుస్తకం చేతిలోకి తీసుకుని నా పేరు కింద బొటనవేలు పెట్టి అలా చాలాసేపు పట్టుకుంది. వేలు తీసేసరికి చింతపిక్కంత మరక. నాకు ఎంత కోపం వచ్చిందో, కొత్త పుస్తకం, ఒక్కటే కాపీ, కాలేజీకి పట్టుకెళ్ళి అందరికీ చూపించాలనుకున్నది. తడిగుడ్డ పెట్టి తుడిచాను, రబ్బరు పెట్టి రుద్దాను, కాగితం పల్చబడింది కానీ మరక పోలేదు. అమ్మ ఏమీ అనలేదు, చేతులు రెండూ చీర కొంగులో పెట్టేసుకుంది. ఆ కొంగు నాకిప్పటికీ కనిపిస్తుంది.

కథకి మనియార్డరు వచ్చింది, వంద రూపాయలు, పోస్టుమేన్ వీధిలో నలుగురూ వినేలా పేరు పెట్టి పిలిచి ఇచ్చాడు. ఇప్పుడు అలాంటివేవీ లేవు. 2025లో రిజిస్టర్ పోస్టు కూడా తీసుకెళ్ళి స్పీడ్ పోస్టులో కలిపేశారు, కథల కవర్లన్నీ నేను రిజిస్టర్ చేసే పంపేదాన్ని, ఆ చీటీలు దండగా గుచ్చి ఉంచాను. పోస్టుకార్డు మాత్రం ఇంకా 50 పైసలే, కానీ రాసేవాళ్ళు ఎవరు? కథ బాగుంటే వాట్సాప్‌లో ఒక బొటనవేలు బొమ్మ పడేస్తారు. ఒక కార్డు ముక్క రాస్తే ముప్పై ఏళ్ళు దాచుకుంటారు కదండీ, ఆ బొమ్మని ఎక్కడ దాచుకోవాలి? కొన్ని వీక్లీలైతే 2020 లాక్‌డౌన్లో ప్రింటే ఆపేశాయి.

సరే, అసలు విషయం. 2018 అక్టోబరు 11, తిత్లీ తుఫాను. బుధవారం రాత్రి నుంచే గాలి మొదలైంది, గురువారం తెల్లవారుజామున తీరం దాటేసరికి గంటకి నూటయాభై కిలోమీటర్ల గాలి. మా చుట్టుపక్కల ఉద్దానంలో కొబ్బరిచెట్లు, జీడితోటలు, పనసచెట్లు వరసన పడుకుండిపోయాయి, తాతలనాటి చెట్లు. మా ఇంటి సిమెంటు రేకులు రెండు ఎగిరిపోయి ఎక్కడ పడ్డాయో కూడా దొరకలేదు. మేమంతా వంటగది గోడకి ఆనుకుని కూర్చున్నాం, అమ్మని మధ్యలో పెట్టుకుని. మంచం కింద ట్రంకు పెట్టెలో నా కాగితాలు, ఉత్తరాలు, ఆ వీక్లీ ఉన్నాయని తెలుసు, లేచి వెళ్దామంటే అమ్మ నా చెయ్యి వదల్లేదు. "కాయితాలు పోతే మల్లీ రాసుకుంతావు, నువ్వు పోతే ఎవులు రాస్తారు" అంది. తెల్లారాక చూస్తే పెట్టెలో సగానికి నీళ్ళు. కరెంటు పన్నెండు రోజులు లేదు, ఆరబెట్టడానికి చూరు కూడా సరిగ్గా లేదు. ఎండలో పెట్టినవి పెట్టినట్టే అతుక్కుపోయాయి.

అప్పటినుంచి ఎవరికి చెప్పినా ఒకటే మాట, ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోవాల్సింది, స్కాన్ చేసి ఎక్కించేస్తే పోయేది కాదు కదా అని. నాకు ఒళ్ళు మండుద్ది. మా అమ్మ వేలు పెట్టింది కాగితం మీద, ఫోన్ మీద కాదు.

మరుసటేడు శ్రీకాకుళం కథానిలయానికి వెళ్ళాను. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టింది, తనకొచ్చిన అవార్డు డబ్బులతో మొదలుపెట్టి, మూలమూలలనుంచీ పాత పత్రికలు ఏరి తెచ్చి, తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒకచోట ఉండాలని. మా ఊరినుంచి బస్సులో రెండు గంటలు. నెల, సంవత్సరం చెప్పి పాత సంచికలు చూపించమన్నాను. ఉంది! నా కథ, నా పేరు, కథకి వేసిన బొమ్మ, అన్నీ ఉన్నాయి. అక్కడే నిలబడి ఏడ్చేశాను. కథ రాసి ఏ పెట్టెలోనో మూసేసిన ఆడవాళ్ళు మన జిల్లాల్లో ఎంతమంది ఉన్నారో, వాళ్ళ పిల్లలు ఒక్కసారి అక్కడికి వెళ్ళి వెతకాలని నా కోరిక.

జిరాక్సు తెచ్చుకున్నాను. తిరుగు బస్సులో తీసి చూసుకుంటే నా పేరు కింద తెల్లగా ఉంది. కథ దొరికింది, నేను వెతుక్కున్నది దొరకలేదు. అందుకే ఆ చెక్కముక్కని పారేయను. వెనకటికి బట్టలుతికేవాళ్ళు నల్లజీడి రసంతో బట్టలమీద గుర్తు పెట్టేవారు, ఎన్నిసార్లు బండకేసి ఉతికినా ఆ గుర్తు పోయేది కాదు, మన జీడిపిక్కదీ అదే కుటుంబం. నీళ్ళకి అక్షరాలు కరిగిపోయుంటాయేమో గానీ మరక మాత్రం లోపల అలాగే ఉంటుంది, నాకు ఏ సందేహమూ లేదు.

ఆ సాయంత్రం జిరాక్సు అమ్మకి చదివి వినిపించాను, ఇరవైమూడేళ్ళ తర్వాత మొదటిసారి. అప్పుడు చూపించానే గానీ చదివి వినిపించలేదు, ఆ సంగతి బస్సులోనే తట్టింది. మొత్తం విని, "బాగుంది గానీ గుంటా, పిక్కలు కొట్టీకాడ కబుర్లాడుకున్నారని రాసినావు, కబుర్లెక్కడివి, డబ్బా నిండకపోతే కూలి రాదు" అంది. కరెక్టే, నేను చూడకుండా రాసింది అది.

అప్పటినుంచి ఏది రాసినా ముందు అమ్మకే చదువుతాను, నా సంతోషాల్లో ఇది చెప్పడం మర్చిపోయాను. ఇప్పుడు ఆమె చేతులు తెల్లగా, మెత్తగా ఉంటాయి, పని మానేసి చాలా ఏళ్ళయింది. పోయిన వారం ఒక కథలో, బూడిద కుడిచేతికి రాసుకుని పనికి కూర్చుంది అని చదివాను. అమ్మ పడుకున్నదల్లా లేచి కూర్చుంది. "ఒక సేతికి కాదే, రెండు సేతులకీ రాసుకుంతారు. పిక్క పట్టుకునేది ఎడంసెయ్యి కాదేటి?" పెన్ను తీసి కొట్టేసి, పైన రెండు చేతులకీ అని రాశాను.