ఇరవై ట్యూబులు పక్కన పెట్టు, అమ్మడూ

చిరంజీవి అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు వేసిన భీమిలి బొమ్మ ఫొటో మీ అమ్మ పంపింది. గీత బాగుంది. పడవలు ఇసుక మీద బరువుగా ఆనాయి, అది అందరికీ అంత తొందరగా పట్టుబడదు. రంగుల దగ్గరే తేడా వచ్చింది. ఆకాశానికీ సముద్రానికీ ఇసుకకీ ఒకదానితో ఒకటి పొత్తు లేదు, ఏ రంగుకారంగు విడిగా నిలబడింది. కొండ దగ్గరకొచ్చేసరికి మొత్తం బురదైపోయింది. ఇంకో పన్నెండు రంగుల సెట్ కొననా అని అడిగావట. వద్దమ్మా. ఇప్పుడున్న ఇరవై నాలుగు యాక్రిలిక్ ట్యూబుల్లోనే ఇరవై తీసి బీరువాలో పెట్టేయ్.

బయట ఉంచుకోవాల్సినవి అల్ట్రామెరైన్ బ్లూ అనే ముదురు నీలం, బర్న్ట్ సియెన్నా అనే ఎర్రటి బ్రౌన్, యెల్లో ఓకర్ అనే మట్టి పసుపు, టైటానియం వైట్ అనే తెలుపు. కొన్ని నెలలపాటు ఇవే నీ రంగులు. తెలుపు మిగతా వాటికంటే చాలా త్వరగా అయిపోతుంది కాబట్టి అదొక్కటి పెద్ద ట్యూబు కొనుక్కో.

బురద ఎందుకొచ్చిందో చెప్తాను. మంచి ట్యూబు మీద సన్న అక్షరాల్లో పిగ్మెంట్ నంబర్, అంటే లోపల రంగునిచ్చే పొడి ఏదో చెప్పే గుర్తు, వేసి ఉంటుంది. పీబీ 29 అంటే అల్ట్రామెరైన్. పీడబ్ల్యూ 6 టైటానియం తెలుపు. ఓకర్ మీద పీవై 42 గానీ 43 గానీ, సియెన్నా మీద పీబీఆర్ 7 గానీ పీఆర్ 101 గానీ కనిపిస్తుంది. ఒకే నంబర్ ఉంటే ఒకే పిగ్మెంట్ అన్నమాట. పెద్ద సెట్లలో ఆకుపచ్చలు, ఊదాలు చాలావరకు రెండు మూడు పిగ్మెంట్లు కలిపి నింపినవే. అలాంటి ట్యూబులు రెండు కలిపావంటే పళ్లెంలో నాలుగైదు పిగ్మెంట్లు చేరతాయి. ప్రతి పిగ్మెంటూ తన మీద పడ్డ వెలుగులో కొంత మింగేస్తుంది. ఎన్ని చేరితే అంత వెలుగు పోయి మసక మిగులుతుంది. నీ కొండకి జరిగింది ఇదే. నీ సెట్ మీద నంబర్లు లేకపోతే, ఊళ్లోకి వచ్చినప్పుడు ఈ నాలుగూ నంబర్ చూసి విడిగా తీసుకో.

బొమ్మ మొదలుపెట్టకముందు ఒక పని చెయ్యి. మందపాటి కాగితం మీద ఏడు గళ్లు గీసి, ఒక చివర అల్ట్రామెరైన్, రెండో చివర బర్న్ట్ సియెన్నా నింపు. మధ్య గళ్లలో నీలంలోకి కొంచెం కొంచెంగా బ్రౌన్ చేర్చుకుంటూ పో. మధ్యకొచ్చేసరికి నలుపులాంటి ముదురు రంగు వస్తుంది. ట్యూబు నలుపులో ఉండే నిర్జీవం దీనిలో ఉండదు, ఎందుకంటే దీన్ని నీలం వైపు కొంచెం తిప్పొచ్చు, బ్రౌన్ వైపు కొంచెం తిప్పొచ్చు. ఇప్పుడు ప్రతి గడి కిందా అదే రంగులో తెలుపు కలిపి ఇంకో వరస వెయ్యి. ఆ బూడిద రంగులు చూశాక నీకే అర్థమవుతుంది. ఆర్కే బీచ్ నుంచి పొద్దున్న మంచులో కనిపించే డాల్ఫిన్ నోస్ కొండ ఒక గడిలో ఉంటుంది. వానాకాలం మబ్బు ఇంకో గడిలో, తడిసిన పడవ చెక్క మరో గడిలో. ఆ కాగితం పారేయకు, బొమ్మ నిలబెట్టే ఈజిల్ పక్కనే అంటించుకో.

తర్వాత అదే పద్ధతిలో నీలం, ఓకర్ కలుపు. మెరిసే ఆకుపచ్చ రాదు, మాగిన ఆకుపచ్చ వస్తుంది. మన భీమిలి రోడ్డు సరుగుడు చెట్లకీ, ఎండాకాలం కైలాసగిరికీ కావాల్సింది అదే పచ్చ. దూరంగా ఉన్న కొండకి అదే మిశ్రమంలో నీలం, తెలుపు పెంచితే చాలు, వెనక్కి జరుగుతుంది. కొత్త ట్యూబు అక్కర్లేదు.

ఎర్రమట్టి దిబ్బలు వెయ్యాలని నీకు ఎప్పటినుంచో ఉంది కదా. ఆ ఎరుపు ఇసుక రేణువులకి పట్టిన ఇనుప ఆక్సైడ్‌ది. నీ ట్యూబుల్లోని సియెన్నా, ఓకర్ కూడా ఇనుప ఆక్సైడ్ రంగులే. ఎదురుగా ఉన్న మట్టీ, చేతిలో ఉన్న రంగూ ఒకే జాతివి కావడంతో అక్కడ బొమ్మ సగం దానంతటదే కుదురుతుంది. నీ మొదటి పెద్ద బొమ్మ అక్కడే వెయ్యమంటాను.

తెలుపుతో మాత్రం జాగ్రత్త. టైటానియం వైట్ బాగా కమ్మేసే రంగు. దేన్ని లేత చెయ్యాలన్నా తెలుపే పోస్తే బొమ్మంతా సున్నం కొట్టినట్టు పాలిపోతుంది. ఎండ పడ్డ ఇసుకకి తెలుపుతో పాటు చిటికెడు ఓకర్ కూడా వెయ్యి.

ఈ నాలుగింటితో కొన్ని రానే రావు, అది ముందే చెప్పాలి. రుషికొండ దగ్గర తీరానికి ఆనుకుని కనిపించే ఆకుపచ్చ నీలం రాదు, అల్ట్రామెరైన్‌లో ఎరుపు ఛాయ ఉంది మరి. దానికి ఆకుపచ్చ ఛాయ ఉన్న నీలం, థాలో బ్లూ, కావాలి. కానీ థాలో రవ్వంత పడినా పళ్లెంలోని మిగతా రంగులన్నిటినీ ఆక్రమించేస్తుంది, నేర్చుకునే చేతికి అప్పుడే వద్దు. ఫిషింగ్ హార్బర్‌లో మరపడవల మీద ఉండే పచ్చి ఎరుపు, నిమ్మపసుపు కూడా రావు. అయినా పడవ మెరిసేలా చెయ్యొచ్చు. ఫ్రాన్స్‌లో షెవ్రెల్ అనే రసాయన శాస్త్రవేత్త గోబెలిన్స్ అద్దకాల శాలలో పనిచేస్తూ, ఒక రంగు ఎలా కనిపిస్తుందన్నది దాని పక్కనున్న రంగును బట్టి మారుతుందని గమనించి 1839లో ప్రచురించాడు. పడవకి సియెన్నా, ఓకర్ వేసి, చుట్టూ నీళ్లని నీలం వైపు తిరిగిన బూడిద రంగులో ఉంచి చూడు. సియెన్నా నారింజ రంగులా వెలుగుతుంది. ఇరవై నాలుగు ట్యూబులున్నప్పుడు మనిషి ఈ పని చెయ్యడు, ఇంకో ఎర్ర ట్యూబు వెతుకుతాడు. తక్కువ రంగులతో నేర్చుకోమని నేనింత పట్టుబట్టేది అందుకే.

వేసేటప్పుడు కళ్లు సగం మూసి చూడు, వెలుగునీడలు సరిపోయాయో లేదో తెలుస్తుంది. ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ ఫొటో తీసుకున్నా సరే. మన తీరం తూర్పుముఖం కదా, పొద్దున్న సూర్యుడు సముద్రం మీద నుంచి ఎదురొస్తాడు, పడవలన్నీ నల్లటి ఆకారాలైపోతాయి. మధ్యాహ్నం దాటాక వెలుగు మన వెనక నుంచి పడుతుంది, రంగులు తేటగా కనిపిస్తాయి. మొదట్లో సాయంత్రాలు వెళ్లు.

ఇక యాక్రిలిక్ సంగతి. తడిగా ఉన్నప్పుడు ఇందులో రంగుని పట్టి ఉంచే బైండర్ పాలలా తెల్లగా ఉండి, ఆరాక పారదర్శకం అవుతుంది, అందుకే ఆరిన రంగు ఒక మెట్టు ముదురుతుంది. కలిపిన రంగు కాగితం ముక్క మీద రాసి, ఆరనిచ్చి చూశాకే బొమ్మ మీద పెట్టు. అదే రంగు మళ్లీ కలపడం కష్టం, కాబట్టి కావాల్సిన దానికంటే కొంచెం ఎక్కువే కలుపుకో. బీచ్ గాలికీ, ఇంట్లో ఫ్యాన్‌కీ పళ్లెంలోనే గట్టిపడిపోతుంది. మూత బిగుతుగా ఉండే టిఫిన్ డబ్బాలో తడిగుడ్డ పరిచి, దాని మీద బటర్ పేపర్ వేసి రంగులు పెట్టుకుంటే మర్నాటికి కూడా పనికొస్తాయి. నీళ్లు మరీ ఎక్కువ పోస్తే రంగుకి పట్టు పోతుంది, పల్చగా కావాలంటే మీడియం, అంటే రంగు లేని యాక్రిలిక్ బైండర్, కలుపు. బ్రష్ ఎప్పుడూ ఆరనివ్వకు.

ముఖాలు వెయ్యాలనిపిస్తే నీలం తీసేసి ఓకర్, వెర్మిలియన్ లాంటి ఎరుపు, నలుపు, తెలుపు పెట్టుకో. స్వీడన్ చిత్రకారుడు ఆండర్స్ జోర్న్ పేరు మీద చెప్పుకునే వరస అది. అందులో నలుపే తెలుపుతో కలిసి నీలంలా కనిపిస్తుంది. మనుషుల ఒంటిరంగుకి అది చాలా బాగుంటుంది, మన సముద్రానికి మాత్రం నాకు చాలదనిపిస్తుంది.

ఐదో రంగు ఎప్పుడు అంటావా? ఎదురుగా ఉన్న రంగు చూసి, ఏది ఎంత కలపాలో పళ్లెం ముట్టకుండానే చెప్పగలిగినప్పుడు. అప్పుడు లెమన్ యెల్లో తీసుకో, దాని తర్వాత క్వినాక్రిడోన్ మెజెంటా అనే ముదురు గులాబీ, ఆఖర్న థాలో. ఒక్కొక్కటి చేర్చినప్పుడల్లా ఆ గళ్ల కాగితం మళ్లీ కొత్తగా వెయ్యాలి.

వచ్చే ఆదివారం మొదటి గళ్ల కాగితం పట్టుకుని మహారాణిపేట రా. బొమ్మేమీ తేనక్కర్లేదు, కాగితం ఒక్కటి తే చాలు.

ప్రేమతో,
మీ పెద్దమ్మ