‘జడత్వ బలం’ అనవచ్చునా?

సందేహం: తొమ్మిదో తరగతి పిల్లలకు బలం, జడత్వం, న్యూటన్ గమన నియమాలు మొదలుపెట్టడానికి నోట్సు రాసుకుంటున్నాను. ‘బస్సు ఆగినప్పుడు జడత్వ బలం ప్రయాణికుణ్ణి ముందుకు నెట్టింది’ అని రాస్తే తోటి ఉపాధ్యాయుడు తప్పన్నారు. ‘బంతికి బలం ఉంది కాబట్టి దొర్లింది’ అని పిల్లలు రాస్తే ఒప్పుకోవచ్చునా? ‘ప్రతిచర్య’ను కలిపి రాయాలా, విడదీయాలా? ‘గమన నియమాలు’, ‘చలన నియమాలు’ వీటిలో ఏది సరి?
– ఒక భౌతికశాస్త్ర ఉపాధ్యాయిని

సమాధానం: మీ తోటి ఉపాధ్యాయుడు చెప్పిందే సరి. ఈ పాఠంలో తప్పులు ఎక్కువగా దొర్లేది నామవాచకాల దగ్గర కాదు, వాటి పక్కనుండే విభక్తుల దగ్గర, వాక్యం చివరి క్రియ దగ్గర. ‘రాయికి జడత్వం ఉంది’ అంటే నిర్దుష్టమైన వాక్యం. జడత్వం, అంటే వేగంలో మార్పును ఎదిరించే స్వభావం, ఆ రాయి గుణం, అందుకే ‘కు’ చక్కగా అతికింది. ‘రాయికి బలం ఉంది’ అన్నా వ్యాకరణం అభ్యంతరపెట్టదు, కానీ భౌతికశాస్త్రం ఒప్పుకోదు. బలం ఒక వస్తువు సొత్తు కాదు. ఒక వస్తువు మరొకదాన్ని నెట్టడమో లాగడమో జరిగితేనే బలం. కాబట్టి బలం గురించి రాసిన ప్రతి వాక్యంలోనూ ‘ఏది?’, ‘దేనిపై?’ అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరకాలి.

మీ బస్సు వాక్యాన్ని ఇలాగే పరీక్షించండి. ప్రయాణికుణ్ణి నెట్టింది ఏది? వెనకనుంచి ఎవరూ నెట్టలేదు. బ్రేకు పడగానే బస్సు నేల అతని పాదాలపై వెనక్కి ఘర్షణ బలం ప్రయోగించి వాటి వేగాన్ని తగ్గించింది. నడుము పైభాగం మాత్రం మునుపటి వేగంతోనే సాగింది. అందుకే తూలాడు. ‘తూలు’ అకర్మక క్రియ, దానికి నెట్టే కర్త అక్కర్లేదు. ‘జడత్వం వల్ల ముందుకు తూలాడు’ అంటే చాలు. ‘జడత్వం నెట్టింది’ అన్నామా, గుణాన్ని తీసుకువెళ్లి కర్త స్థానంలో కూర్చోబెట్టినట్టే. బస్సు కదిలినప్పుడు ‘వెనక్కి పడ్డాడు’ అని రాయడం ఇంకో చిక్కు. రోడ్డు మీద నిలబడి చూసేవారికి అతని పైభాగం ఆ మొదటి క్షణంలో వెనక్కి వెళ్లదు. ఉన్నచోటే ఉంటుంది, పాదాలు ముందుకు వెళ్తాయి. అక్కడ ‘వెనకబడ్డాడు’ అన్నదే అచ్చంగా సరిపోయే మాట.

‘జడత్వ బలం’ అన్న మాట మీరు పుట్టించింది కాదని కూడా చెప్పాలి. న్యూటన్ 1687లో ప్రచురించిన ‘ప్రిన్సిపియా’లో ఈ గుణాన్ని లాటిన్‌లో ‘విస్ ఇనర్షియే’ అన్నాడు. ‘విస్’ అంటే బలమే. ఇప్పటి లెక్కలో అది బలం కాదు. వేగం మారుతున్న బస్సునే ఆధారంగా తీసుకుని లెక్కలు కట్టేటప్పుడు ‘మిథ్యా బలం’ అనేదాన్ని చేరుస్తారు, అది పై తరగతుల మాట. తొమ్మిదో తరగతిలో ఆ తలుపు తెరవకండి.

జడత్వం గురించి మరో జాగ్రత్త. ‘జడం’ అనగానే కదలనిది, చైతన్యం లేనిది అన్న అర్థం మనసులోకి వస్తుంది. దాంతో నిలిచి ఉన్న వస్తువుకే జడత్వం ఉంటుందని పిల్లలు అనుకుంటారు. పరుగెత్తే బండికీ అంతే జడత్వం ఉంటుంది, అది ద్రవ్యరాశిని బట్టి వచ్చేది. ఘర్షణ లేదనుకుని 10 న్యూటన్ల బలంతో నెడితే 1 కిలోగ్రాము దిమ్మెకు సెకను వర్గానికి 10 మీటర్ల త్వరణం (వేగం మారే రేటు) వస్తుంది, 5 కిలోగ్రాముల దిమ్మెకు 2 మీటర్లే. ఈ తేడాయే జడత్వం అని చెబితే ‘కదలకపోవడం’ అన్న అర్థం పక్కకు తప్పుకుంటుంది.

గ్లాసు మీద అట్టముక్క, దానిపై నాణెం పెట్టి అట్టను చటుక్కున లాగే ప్రయోగం మీరు చేయించే ఉంటారు. ‘జడత్వం వల్ల నాణెం గ్లాసులో పడింది’ అని రాయిస్తే సగమే నిజం. అట్టతో పాటు వెళ్లకపోవడానికి కారణం జడత్వం. కిందికి పడడానికి కారణం భూమి నాణేన్ని లాగడం. రెంటికీ వేరువేరు వాక్యాలు రాయించండి. అట్టను నెమ్మదిగా లాగితే నాణెం దానితోపాటే వస్తుంది, ఎందుకంటే అప్పుడు ఆ కొద్ది త్వరణాన్ని ఇవ్వడానికి ఘర్షణ సరిపోతుంది. ఇదీ చేసి చూపించాలి, లేకపోతే ‘చటుక్కున’ అన్న క్రియావిశేషణం ఎందుకో వాళ్లకు తెలియదు.

ఇక ‘బంతికి బలం ఉంది’ సంగతి. దీని జంట వాక్యం ‘బలం అయిపోయింది, అందుకే ఆగింది’. తన్నినవాడు బంతిలో బలం నింపాడు, అది ఖర్చయిపోయింది అన్న భావన ఈ ‘అయిపోయింది’లో ఉంది. నిజానికి కాలు బంతిని వదిలిన క్షణంలోనే ఆ బలం లేదు. ఆపింది గచ్చు ప్రయోగించిన ఘర్షణ బలం. మార్కు ఇవ్వకండి, కానీ కొట్టేసి ఊరుకోకండి కూడా. పిల్లలు చెప్పదలచుకున్న దానికి తెలుగులో మంచి మాట ఉంది, ఊపు. ‘బంతికి ఊపు ఉంది’, ‘ఊపు తగ్గింది’ అంటే తప్పేమీ లేదు. దాన్ని అక్కడినుంచి ద్రవ్యవేగం దాకా తీసుకెళ్లవచ్చు. వాడుకలోని ఊపుకు కొలత లేదు, ద్రవ్యవేగానికి ఉంది: ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది. శక్తి కూడా ‘కు’తో ఇమిడే మాటే. వాడుకలో ‘బలం’, ‘శక్తి’ ఒకటే కావచ్చు, పాఠంలో ఒకదానికి బదులు మరొకటి రానివ్వకండి.

మొదటి నియమాన్ని ‘బాహ్యబలం పనిచేయనంత వరకు...’ అని వల్లె వేయిస్తే, బల్ల మీది పుస్తకాన్ని భూమి లాగుతోంది కదా అని తెలివైన విద్యార్థి అడుగుతాడు. అడగాలి కూడా. ‘ఫలిత’ అన్న మాట వదిలేయడం వల్ల వచ్చిన చిక్కది. వస్తువుపై పనిచేసే బలాలన్నిటినీ దిశలతో సహా కలిపితే మిగిలేదే ఫలిత బలం. ‘వస్తువుపై పనిచేసే ఫలిత బలం సున్నా అయితే దాని వేగం మారదు’ అనండి. నిశ్చలస్థితి అంటే సున్నా వేగమే కనుక రెండు సందర్భాలూ ఇందులో ఇమిడాయి. ‘బలం వల్ల కదులుతుంది’ అనే బదులు ‘బలం వల్ల వేగం మారుతుంది’ అనడం కూడా ఇందుకే.

‘ప్రతిచర్య’ను కలిపే రాయాలి. ‘ప్రతి చర్యకూ ప్రతిచర్య ఉంటుంది’ అన్న వాక్యంలో మొదటిది ‘ఒక్కొక్క చర్యకూ’ అని, రెండోది సమాసం. ఆ ఒక్క ఖాళీ మీదే అర్థం ఆధారపడింది. అయితే ప్రతీకారం, ప్రత్యుత్తరం అలవాటైన చెవికి ప్రతిచర్య కూడా తర్వాత జరిగేదిగా వినిపిస్తుంది. అందుకని నియమంలో ‘అదే సమయంలో’ చేర్చండి: ఒక వస్తువు రెండోదానిపై ఎంత బలం ప్రయోగిస్తే, అదే సమయంలో రెండోది మొదటిదానిపై అంతే బలాన్ని వ్యతిరేక దిశలో ప్రయోగిస్తుంది.

ఇక్కడ ‘పై’తో చిన్న ప్రమాదం ఉంది. ‘బల్ల పుస్తకంపై బలం ప్రయోగిస్తుంది’ అంటే కొందరు పుస్తకం పైభాగాన కిందికి బాణం గీస్తారు, ‘పై’ని స్థానంగా అర్థం చేసుకుని. ‘బల్ల పుస్తకాన్ని పైకి నెడుతుంది’ అని ద్వితీయా విభక్తితో ఒకసారి చెప్పి, తర్వాత ‘పై’కి రండి. పుస్తకం ద్రవ్యరాశి 2 కిలోగ్రాములైతే భూమి దాన్ని 19.6 న్యూటన్లతో కిందికి లాగుతుంది, బల్ల 19.6 న్యూటన్లతో పైకి నెడుతుంది. సమానం, వ్యతిరేకం, అయినా చర్య–ప్రతిచర్యల జంట కాదు, రెండూ పుస్తకంపైనే పనిచేస్తున్నాయి. జంటను పట్టుకోవాలంటే వాక్యంలో రెండు పేర్లనూ తారుమారు చేయాలి: ‘భూమి పుస్తకాన్ని లాగుతుంది’కి జంట ‘పుస్తకం భూమిని లాగుతుంది’. ‘బల్ల పుస్తకాన్ని నెడుతుంది’కి జంట ‘పుస్తకం బల్లను నెడుతుంది’.

గమన నియమాలు, చలన నియమాలు రెండూ సరే. ఒక నోట్సులో ఒకటే వాడండి. ‘వేగం’ దగ్గర ఆ వెసులుబాటు లేదు: దిశతో కలిపి చెప్పేది వేగం, దిశ లేకుండా చెప్పేది వడి. మలుపులో వడి మారకపోయినా వేగం మారుతుంది, కాబట్టి అక్కడా ఫలిత బలం ఉండి తీరాలి.