అలిపిరి మెట్ల దారిలో కనబడిన పొడుగు తోక తెల్ల పిట్ట ఏది?

అలిపిరి నుంచి కొండెక్కుతుంటే తెల్ల ఒళ్లు, నల్ల తల, రిబ్బన్ లాంటి తోక ఉన్న పిట్ట రెండు క్షణాలు కనబడి మాయమైందన్నారు. ఆ ఆనవాళ్లు చాలు. అది తోక పిగిలిపిట్ట (ఇంగ్లీషులో ఇండియన్ ప్యారడైజ్ ఫ్లైక్యాచర్), అందులోనూ మగది.

ఫోటో లేదని బాధపడకండి. చెట్ల నీడలో రంగు మోసం చేస్తుంది కాబట్టి ముందు సైజు పట్టుకోవాలి: పిచ్చుకంతా, గోరింకంతా, కాకంతా? ఆ తోక ఈకలు తీసేస్తే ఇది మామూలు పిగిలిపిట్ట (బుల్‌బుల్) అంతే, సుమారు 20 సెంటీమీటర్లు. నడిమి ఈకలు రెండూ మాత్రం 30 సెంటీమీటర్ల దాకా వేలాడతాయి. ఎగురుతుంటే తెల్ల దారమేదో గాల్లో కొట్టుకుపోతున్నట్టే ఉంటుంది. పసుల పోలిగాడు అనే పిట్టకీ తోక పొడుగే గానీ, ఒళ్లంతా నలుపు, తోక చివర చీలిక.

చిక్కు ఎక్కడంటే, మగవాటిలోనే ఇటుక రంగువీ ఉంటాయి. ఆడపిట్టదీ అదే రంగు, తోక పొట్టి. రేపు అది కనబడితే వేరే పిట్ట అనుకుంటారు, నేనూ అలాగే పొరబడ్డాను. అప్పుడు నడత చూడండి: కొమ్మ మీంచి ఎగిరి గాల్లోనే పురుగును పట్టేస్తుంది. గొంతు కరుగ్గా ఉంటుంది, ఆ అందానికి అస్సలు నప్పదు.

మళ్లీ చూడాలంటే నీడా నీళ్లూ ఉన్న చోట, తలకోన లాంటి అడవుల్లో, సాయంత్రం పూట కాచుకోండి. మడుగులోకి దూకి దూకి స్నానం చేస్తుంది.