క్లిక్‌మంటుంది కానీ ఫొటో సేవ్ కాదు

ప్రశ్న: నా డిజిటల్ కెమెరా కొని ఆరేళ్లు దాటింది. ఈ మధ్య ఫొటో తీయగానే హ్యాంగ్ అవుతోంది. ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటూనే ఉంటుంది. ఏ బటన్ నొక్కినా పలకదు, ఆఫ్ కూడా కాదు. చివరికి బ్యాటరీ ఊడదీసి మళ్లీ పెడుతున్నాను. ఆన్ చేసి చూస్తే తీసిన ఫొటో ఉండదు. ఒక్కోసారి ఉన్నా పైసగమే కనిపిస్తుంది, కిందంతా బూడిద రంగు. కార్డును రెండుసార్లు ఫార్మాట్ చేశాను. కెమెరా పోయినట్టేనా?

జవాబు: అప్పుడే ఆశ వదులుకోకండి. మీరు విసుక్కుంటున్న ఆ సగం బూడిద రంగు ఫొటోయే మంచి క్లూ ఇస్తోంది. పైసగం చక్కగా వచ్చిందంటే లెన్సు, సెన్సరు, షటరు తమ పని తాము చేశాయన్నమాట. కార్డులో రాస్తుండగా పని ఆగిపోయింది. నా అనుమానమంతా కార్డు మీదే.

షటర్ నొక్కగానే ఫొటో నేరుగా కార్డులోకి వెళ్లదు. ముందు కెమెరాలోని తాత్కాలిక మెమరీలో ఆగి, అక్కడి నుంచి కార్డుకు చేరుతుంది. ఎర్ర లైటు వెలుగుతోందంటే ఈ బదిలీ జరుగుతోందని అర్థం. ‘రాసుకున్నాను’ అని కార్డు బదులిచ్చేదాకా కెమెరా కాచుకుని కూర్చుంటుంది. కార్డులో ఆ చోటు చెడిపోయి ఉంటే ఆ బదులు ఎంతకీ రాదు. అదే మనకు హ్యాంగ్ అయినట్టు కనిపిస్తుంది. సరిగ్గా ఆ సమయంలో బ్యాటరీ లాగేస్తే పోయేది ఆ ఒక్క ఫొటోయే కాదు. ఏ ఫొటో కార్డులో ఎక్కడుందో రాసిపెట్టుకునే పట్టిక కూడా దెబ్బతిని, పాత ఫొటోలూ కనిపించకుండా పోవచ్చు. ఇకమీదట ఒకటి రెండు నిమిషాలు ఓపిక పట్టండి. లైటు అప్పటికీ ఆరకపోతే బ్యాటరీ తీయక తప్పదు.

ముందుగా కార్డును రీడర్‌లో పెట్టి, ఉన్న ఫొటోలన్నీ కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోండి. ఆ తర్వాతే పరీక్షలు. ఫార్మాట్ చేసినప్పుడు ముఖ్యమైన ఫొటోలు పోయి ఉంటే ఆ కార్డుతో ఇంకొక్క ఫొటో కూడా తీయకండి. మామూలు ఫార్మాట్ సాధారణంగా పైన చెప్పిన పట్టికనే తుడుస్తుంది. ఫొటోలు దాని మీద వేరేవి పడేదాకా లోపలే ఉంటాయి. ఫొటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చాలావరకు బయటికి తీయొచ్చు. తీసినవాటిని మళ్లీ అదే కార్డులో కాకుండా కంప్యూటర్‌లో సేవ్ చేయాలి.

ఇప్పుడు ఇంకో కార్డు పెట్టి చూడండి. ఎవరిదైనా అడిగి తెచ్చుకుంటే అందులో వాళ్ల ఫొటోలు లేవని చూసుకున్నాకే కెమెరా మెనూలో ఫార్మాట్ కొట్టండి, లేకపోతే స్నేహం చెడుతుంది. వరుసగా ఇరవై ముప్ఫై ఫొటోలు తీయండి. ఎక్కడా ఆగకపోతే దొంగ దొరికినట్టే.

పాత కార్డు పని అయిపోయిందో లేదో తేల్చే చిన్న పరీక్ష ఒకటుంది. అందులోని ఫొటోలు కొన్ని డిలీట్ చేసి, కార్డును బయటికి తీసి మళ్లీ పెట్టండి. డిలీట్ చేసినవి తిరిగి ప్రత్యక్షమయ్యాయంటే కార్డు ఇక కొత్తగా ఏదీ రాసుకోవడం లేదని అర్థం. ఫ్లాష్ మెమరీకి ఇన్నిసార్లే రాయగలమన్న పరిమితి ఉంటుంది. అది దాటాక కొన్ని కార్డులు చదవడానికి మాత్రమే పనికొస్తాయి. దాన్ని ఎన్నిసార్లు ఫార్మాట్ చేసినా లాభం లేదు, పారేయండి. కొత్తది కొనేటప్పుడు పెద్ద అక్షరాల్లో వేసిన వేగం చూసి మోసపోవద్దు. అది ఎక్కువగా చదివే వేగమే. కెమెరాకు కావాల్సింది రాసే వేగం. వీ30 గుర్తుంటే సెకనుకు కనీసం 30 ఎంబీ ఆగకుండా రాయగలదని లెక్క. కొన్నాక హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఓసారి పరీక్షించండి. 64 జీబీ అని చూపిస్తూ లోపల 8 జీబీయే ఉన్న నకిలీలు అందులో బయటపడతాయి.

వేరే కార్డుతోనూ హ్యాంగ్ అవుతోందా? మైక్రో ఎస్‌డీని అడాప్టర్‌లో పెట్టి వాడుతుంటే ముందు దాన్ని మార్చండి, అందులో కాంటాక్టు వదులవుతుంటుంది. ఆరేళ్ల బ్యాటరీని కూడా నమ్మలేం. ఫుల్ అని చూపిస్తూనే లోడు పడగానే డీలా పడిపోతుంది. వేరే బ్యాటరీ పెట్టి చూశాక, మెనూలో సెట్టింగులు రీసెట్ చేసి, ఫర్మ్‌వేర్ (కెమెరాను లోపలి నుంచి నడిపే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఉంటే వేసుకోండి. ఇవన్నీ అయ్యాకే సర్వీస్ సెంటర్ మాట.

లాక్ మీటను మాత్రం నేను లెక్కలోకి తీసుకోలేదు. ఎస్‌డీ కార్డు పక్కనుండే ఆ మీట కిందికి జారితే కెమెరా హ్యాంగ్ కాదు, కార్డు లాక్ అయిందని చెబుతుంది. ఒకసారి నా కార్డు మీట వదులై, లోపల పెట్టిన ప్రతిసారీ జారిపోయేది. ఓ పూటంతా కెమెరాను తిట్టుకున్నాక గోరంత సెల్లోటేపు ముక్కతో మీటను కదలకుండా అంటిస్తే సరిపోయింది.

ప్రశ్న: రాత్రి ఆకాశాన్ని 30 సెకన్ల ఎక్స్‌పోజర్‌తో తీస్తే, తర్వాత మరో అర నిమిషం కెమెరా ‘బిజీ’ అంటోంది. రిపేరుకు ఇవ్వాలా?

జవాబు: అక్కర్లేదు. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆన్‌లో ఉన్నట్టుంది. మీ ఫొటో అయ్యాక కెమెరా షటర్ మూసుకుని, అంతే సేపు చీకటి ఫొటో ఇంకొకటి తీస్తుంది. అందులో కనిపించిన నాయిస్ మచ్చలను మీ ఫొటోలోంచి తీసేస్తుంది. ఆగలేకపోతే మెనూలో ఆఫ్ చేయండి.

ప్రశ్న: పాత కెమెరాలో కొత్త 64 జీబీ కార్డు పెడితే ఎర్రర్ వస్తోంది. అదే కార్డు ల్యాప్‌టాప్‌లో బాగానే ఉంది.

జవాబు: కార్డుది తప్పు కాదు. 32 జీబీ దాటినవి ఎస్‌డీఎక్స్‌సీ రకం, ఆ ప్రమాణం 2009లో వచ్చింది. అంతకుముందు తయారైన కెమెరాలకు అవి అర్థం కావు. 32 జీబీ లేదా అంతకంటే చిన్న ఎస్‌డీహెచ్‌సీ కార్డు తీసుకోండి. కెమెరా 2006 కంటే పాతదైతే అదీ పనిచేయకపోవచ్చు, 2 జీబీ కార్డు వెతుక్కోవాలి.

ప్రశ్న: కార్డులో బోలెడు ఖాళీ ఉంది. అయినా ‘ఫోల్డర్ తయారు చేయలేం’ అంటూ ఫొటో తీయనివ్వడం లేదు.

జవాబు: కెమెరా ఫోల్డర్లకు 100 నుంచి 999 దాకా, ఫొటోలకు 9999 దాకానే నంబర్లు ఉంటాయి. కార్డులో ఎక్కడో 999 నంబరు ఫోల్డర్ ఉండి ఉంటుంది. కంప్యూటర్‌లో ఫోల్డర్ల పేర్లు మార్చినా ఇలా జరగొచ్చు. ఫొటోలు కాపీ చేసుకుని, కార్డును కెమెరాలోనే ఫార్మాట్ చేసి, మెనూలో ఫైల్ నంబరింగ్‌ను రీసెట్ చేయండి. లెక్క మళ్లీ 0001 నుంచి మొదలవుతుంది కాబట్టి, కొత్త ఫొటోలను కంప్యూటర్‌లో పాతవాటి ఫోల్డర్‌లోనే వేయకండి. పేర్లు కలిసి పాతవి ఎగిరిపోవచ్చు.