గోశాలలో గాలికుంటు: ముందు తొట్టెలను వేరు చేయండి

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా చీపురుపల్లి దగ్గర చిన్న గోశాల. 60 పశువులున్నాయి. పది రోజుల క్రితం ఎవరో తెచ్చి వదిలిన రెండు ఆవులు చొంగ కారుస్తూ కుంటుతున్నాయి. నిన్నటి నుంచి మరో మూడింటికి అలాగే ఉంది. మిగిలినవాటికి వెంటనే టీకా వేయించాలా?

జవాబు: మీరు రాసిన లక్షణాలు గాలికుంటు వ్యాధివిగా కనిపిస్తున్నాయి. నాలుక మీద, చిగుళ్లపైన, గిట్టల మధ్య చిట్లిన బొబ్బలున్నాయేమో చూడండి. పశువైద్యాధికారిని ఈ రోజే రప్పించి వ్యాధిని నిర్ధారించుకోండి. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

టీకా వేసిన రోజునే రక్షణ రాదు. వైరస్ సోకిన 2 నుంచి 14 రోజులకు గాని లక్షణాలు బయటపడవు కాబట్టి, ఇప్పుడు బాగున్నట్లు కనిపించే వాటిలో కొన్నింటికి వ్యాధి ఇప్పటికే సోకి ఉండవచ్చు. ఏ పశువుకు ఎప్పుడు వేయాలో వైద్యులే నిర్ణయించాలి. ఒక సూదిని రెండో పశువుకు వాడనివ్వకండి.

అంతకన్నా ముందు మీ నీటి తొట్టె సంగతి చూడండి. జబ్బు ఆవు మూతి పెట్టిన తొట్టెలో తీగలా సాగే చొంగ మిగులుతుంది, ఆ నీటినే మిగతావన్నీ తాగుతాయి. అయిదింటినీ దూరంగా కట్టి, వాటికి వేరే తొట్టె, వేరే చీపురు, వీలైతే వేరే మనిషిని పెట్టండి. మనిషి ఒక్కడే అయితే ఆరోగ్యంగా ఉన్నవాటి పని ముగించిన తరువాతే జబ్బు పశువుల దగ్గరకు వెళ్లాలి.

ఫినాయిల్ వాసన వస్తే కొట్టం శుభ్రమైనట్లేనని చాలామంది నమ్మకం. ఈ వైరస్‌పై దాని ప్రభావం తక్కువ. లీటరు నీటికి 40 గ్రాముల చొప్పున బట్టల సోడా కలిపి, పేడ ఎత్తి కడిగిన నేలపై చల్లండి. గుమ్మంలో అదే నీటితో తడిపిన గోనెసంచి పరచి, మురికి కాగానే మార్చండి. గోపూజకు వచ్చేవారు నొచ్చుకున్నా సరే, చేత్తో అరటిపండ్లు తినిపించడం కొన్నాళ్లు ఆపించండి.

జబ్బు పశువుల నోటిని లీటరుకు 1 గ్రాము పొటాషియం పర్మాంగనేట్ కలిపిన నీటితో కడిగి, పుండ్లపై బోరిక్ పొడి కలిపిన గ్లిజరిన్ పూయండి. గిట్టల పుండ్లపై ఈగలు వాలి పురుగులు పడకుండా మందు రాయించండి. నమలలేని ఆవులకు చోడి అంబలి, గంజి, లేత పచ్చిగడ్డి పెట్టండి. జబ్బు తల్లి పాలను దూడలకు తాగనివ్వకండి. ఈ వైరస్ దూడల గుండె కండరాన్ని దెబ్బతీస్తుంది, పుండ్లు కనిపించకుండానే అవి హఠాత్తుగా చనిపోవచ్చు.

కోలుకున్న ఆవు గొంతులో వైరస్ నెలల తరబడి నిలిచి ఉండవచ్చు. అందువల్ల వాటిని మందలో కలిపే రోజును మీరే నిర్ణయించకుండా వైద్యులను అడగండి. ఇకపై కొత్తగా వచ్చే పశువును కనీసం 21 రోజులు విడిగా ఉంచిన తరువాతే లోపలికి తీసుకోండి.