మీ ఊరి పేజీని దిద్దిన మనిషి

నమస్కారం.

మీ ఉత్తరం అందింది. తెలుగు వికీపీడియాలో మీ ఊరి గురించి మూడు రాత్రులు కూర్చుని రాసిన వ్యాసాన్ని ఎవరో ముఖం తెలియని మనిషి నలభై నిమిషాలలో కోసి కుప్ప పెట్టాడని, ఇక మీదట ఆ వైపు తొంగి కూడా చూడనని రాశారు. వయసులో మీరు నా మనుమరాలి ఈడువారే అయినా మిమ్మల్ని 'మీరు' అనే సంబోధిస్తున్నాను, ఎందుకంటే మన తెవికీలో, అంటే తెలుగు వికీపీడియాలో, అది ఆచారం. పదవీ విరమణ చేసిన ఇంజనీరైనా, ఇంటర్ చదువుతున్న పిల్లవాడైనా అక్కడ అందరూ ఒకరికొకరు 'గారు'లే. కొత్తలో నాకు ఈ మర్యాద కాస్త అతిగా తోచింది. ఎదుటివారి వయసు, ఊరు, చదువు, కంఠస్వరం ఏదీ తెలియని చోట మాట జారకుండా పట్టి ఉంచే కట్టుకొయ్య అదేనని ఒకటి రెండు సార్లు నోరు జారిన తరువాత గాని నాకు తెలిసిరాలేదు.

మీకు జవాబు రాసే ముందు మీ ఊరి పేజీ తెరిచి, పైన ఉన్న 'చరితం' అనే మాట మీద నొక్కాను. మీరు ఆ పని చేయలేదని మీ ఉత్తరమే చెబుతోంది. ఎవరు, ఏ రోజు, ఏ నిమిషాన, ఏ అక్షరం చేర్చారో, ఏది తీశారో పేజీ పుట్టిన నాటి నుంచి అక్కడ వరుసగా ఉంటుంది. మీ వ్యాసంలో ఆయన చేసింది ఒక్క దిద్దుబాటు కాదు, మూడు. వాటిలో ఒకదాని పక్కన ఎర్ర రంగులో మైనస్ గుర్తుతో 2,400 అన్న అంకె కనబడుతుంది. మిమ్మల్ని భయపెట్టింది అదే అయి ఉంటుంది. అది అక్షరాల లెక్క కాదు, బైట్ల లెక్క. కంప్యూటరు తెలుగు లిపిలో ఒక్కొక్క గుర్తుకు మూడు బైట్లు తీసుకుంటుంది, అందులోనూ గుణింతానికి వేరు, వత్తుకు వేరు. ఆ లెక్కన పోయింది మహా అయితే వంద మాటలు. అవి ఏ మాటలో కూడా చూశాను: 'ప్రకృతి ఒడిలో ఒదిగిన అందాల పల్లె', 'ఇక్కడి ప్రజలు అతిథి మర్యాదలకు పెట్టింది పేరు', ఆ వరుసలో మరో ఆరేడు వాక్యాలు. మీ ఊరు నిజంగానే అంత అందంగా ఉండవచ్చు. కాని పక్క ఊరివారు కూడా తమ పేజీలో అదే వాక్యం రాసుకుంటే రెండు ఊళ్లకూ తేడా చెప్పలేని స్థితి వస్తుంది. ఏ ఊరికైనా అతికే వాక్యం ఆ ఊరి గురించి ఏమీ చెప్పనట్టే.

రెండో దిద్దుబాటు మీకు మరింత కోపం తెప్పించినట్టుంది. 'మా తాత పట్టాదారు పాసు పుస్తకంలో వరంగల్ జిల్లా అనే ఉంది, ఈయనెవరు హనుమకొండ అని మార్చడానికి' అని అడిగారు. తాతగారి పుస్తకమూ నిజమే, ఆయన మార్పూ నిజమే. 2016 అక్టోబరు 11న తెలంగాణలో పది జిల్లాలను ముప్పై ఒకటిగా చేసినప్పుడు మీ మండలం వరంగల్ అర్బన్ జిల్లాలోకి వెళ్లింది. 2021లో ఆ వరంగల్ అర్బన్ పేరు హనుమకొండగా మారింది, వరంగల్ రూరల్‌గా ఉన్నదేమో వట్టి వరంగల్ అయింది. అంటే 'వరంగల్ జిల్లా' అన్న మాటకు 2016కు ముందు ఒక అర్థం, ఈ రోజు మరొక అర్థం. ఇంకో చిక్కు కూడా ఉంది. మన గ్రామాల వ్యాసాలలోని జనాభా లెక్కలు 2011 జనగణన నుంచి తీసుకున్నవి, అవన్నీ పాత జిల్లాల కిందే ఉన్నాయి. అందుకే ఆయన మీ మాట కొట్టేసి ఊరుకోకుండా, పునర్వ్యవస్థీకరణకు ముందు ఈ గ్రామం పాత వరంగల్ జిల్లాలో ఉండేదన్న వాక్యాన్ని కూడా చేర్చారు. మీరు రాసిన సంగతిని ఆయన తుడిచివేయలేదు, దానికి తేదీ కట్టారు.

ఈ జిల్లాల గొడవలో నేనూ ఒకసారి బాగా నవ్వులపాలయ్యాను. 2016 చివరి నెలలలో కొత్త జిల్లాల ప్రకారం గ్రామాల పేజీలన్నీ సవరించే పని మొదలైంది. వేల పేజీలు, చేతుల వేళ్లతో లెక్కించదగినంత మంది మనుషులు. నేను ఒక గ్రామాన్ని కొత్త జిల్లాలోకి మార్చాను, ఇంకొకాయన దాన్ని తిరగ్గొట్టారు, అంటే నా మార్పు తీసేసి మునుపటిలా పెట్టారు. నేను మళ్లీ మార్చాను, ఆయన మళ్లీ తిరగ్గొట్టారు. రెండు రోజులలో నాలుగు సార్లు జరిగింది ఈ తంతు, చివరిది అర్ధరాత్రి దాటాక. నా దగ్గర జనగణన పట్టిక ఉంది, ఆయన దగ్గర ప్రభుత్వ ఉత్తర్వు ఉంది. ఎదుటివారు మూర్ఖులని ఇద్దరమూ లోలోపల తీర్మానించుకున్నాము. అప్పుడు నిర్వాహకులలో ఒకరు వచ్చి, మా ఇద్దరిలో ఎవరినీ మందలించకుండా, వ్యాసానికి జోడుగా ఉండే చర్చా పేజీలో ఒక్క ప్రశ్న రాసి వెళ్లారు: మీరిద్దరూ మాట్లాడుతున్నది ఒకే ఊరి గురించేనా?

కాదు. ఆ పాత జిల్లాలో అదే పేరుతో రెండు ఊళ్లు ఉన్నాయి. రామాపురాలు, వెంకటాపురాలు, కొత్తపల్లులు మన నేల మీద ఎన్ని ఉన్నాయో మీకు తెలియనిది కాదు. ఎప్పుడో ఎవరో ఆ రెండు ఊళ్ల వివరాలనూ ఒకే పేజీలో కలిపేశారు, జనాభా ఒక ఊరిది, గుడి ఇంకో ఊరిది. రెండు రోజుల పాటు మేమిద్దరమూ ఒప్పే రాస్తూ వచ్చి, ఒకరినొకరు తప్పుపట్టుకున్నాము. ఆ మరునాడు ఆ పేజీని రెండుగా విడదీసి, శీర్షికలో ఊరి పేరు పక్కన మండలం పేరు చేర్చి, పాత పేరు మీద వచ్చే పాఠకులకు ఏ ఊరు కావాలో ఎంచుకునే అయోమయ నివృత్తి పేజీ ఒకటి పెట్టాము. ఆ తరువాత ఉత్తర్వులు చూసే పని ఆయనది, పట్టికలు చూసే పని నాది అని పంచుకుని, మండలం తరువాత మండలంగా ఆ చలికాలమంతా కలిసి పని చేశాము. ఆయన భాష తీరు చూసి నాకన్నా పెద్దవారనుకున్నాను. తెవికీ ఇరవయ్యేళ్ల పండుగకు 2024 జనవరిలో విశాఖపట్నం వెళ్లినప్పుడు టీ బల్ల దగ్గర ఒక కుర్రవాడు వచ్చి తన వాడుకరి పేరు చెప్పి నమస్కారం పెట్టేసరికి నా చేతిలోని కప్పు ఒలికింది.

మీరు మూల్యం చెల్లించకముందే తెలుసుకుంటారని ఈ కథ రాశాను. ఎవరైనా మీ వాక్యాన్ని మార్చినప్పుడు, ముందు ఆయనకు ఏమి కనబడి మార్చారో చూడండి. చరితంలో రెండు కూర్పులను పక్కపక్కన పెట్టి తేడా చూపే వీలుంది. అది చదవడానికి అయిదు నిమిషాలు పడుతుంది, చదవకుండా తిరగ్గొట్టడానికి అయిదు సెకన్లు చాలు. ఇబ్బంది అంతా అక్కడే ఉంది. ఒకే రోజులో ఒకే పేజీని మూడు సార్లకు మించి తిరగ్గొట్టకూడదని ఇంగ్లీషు వికీపీడియాలో నియమమే పెట్టుకున్నారు. నన్నడిగితే మూడు కూడా ఎక్కువే. ఒక్కసారి అయిన తరువాత మిగిలిన మాట చర్చా పేజీలోనే జరగాలి.

ఆయనలో తప్పు లేదని నేను అనను. మార్పు ఎందుకు చేశారో చెప్పడానికి సారాంశం అని ఒక పెట్టె ఉంటుంది. ఆ పెద్ద దిద్దుబాటుకు ఆయన అందులో రాసింది 'పొగడ్తలు తీసివేత' అన్న రెండే మాటలు. కొత్తగా వచ్చిన మనిషి మొదటి వ్యాసం మీద అంత పొడిగా రాయకూడదు. ఆ పెట్టెలో అయిదు వందల గుర్తుల దాకా చోటు ఉంది. అందులో నాలుగో వంతు వాడుకుని ఉంటే మీరు నాకు ఈ ఉత్తరం రాయవలసిన అవసరం ఉండేది కాదు. రోజుకు వందల మార్పులను గమనించేవారికి ఈ పొడితనం మెల్లగా అలవాటవుతుంది, నాకూ అలవాటయింది, ఇంట్లో వాళ్లు కూడా అన్నారు. మీరు మాత్రం మొదటి రోజు నుంచీ సారాంశం ఖాళీగా వదలకండి. 'జిల్లా పేరు సవరణ, ఫలానా ఉత్తర్వు ప్రకారం' అన్నంత రాస్తే చాలు. మార్పులు జరిగితే తెలిసేలా మీ పేజీని వీక్షణ జాబితాలో పెట్టుకున్న ఎవరో పొద్దున్నే ఆ ఒక్క పంక్తి చదివి, నిశ్చింతగా తమ పనికి వెళ్తారు.

ఇక మీరు ఆయనకు పంపుదామని రాసుకున్న సందేశం సంగతి. 'మా ఊరి గురించి మీకేం తెలుసు?' అని మొదలుపెట్టారు. ఆయనకు ఏమీ తెలియదు. ఆయన ఉన్నది బహుశా వేరే జిల్లాలోనో, వేరే దేశంలోనో. మీ పేజీని రేపు చదవబోయేవారికి కూడా మీ ఊరి గురించి ఏమీ తెలియదు, తెలియకనే కదా వచ్చి చదువుతారు. ఆ లెక్కన ఆయన మీ మొదటి పాఠకుడు, పైగా చదివి ఊరుకోకుండా ఎక్కడ తనకు నమ్మకం కుదరలేదో చూపించిన పాఠకుడు. అచ్చు పుస్తకాలు రాసిన వారెవరినైనా అడగండి, అటువంటి పాఠకుడు దొరకడం ఎంత కష్టమో చెబుతారు. సందేశం రాసేటప్పుడు ఆయనను వదిలి వాక్యాన్ని పట్టుకోండి. ఏ వాక్యం గురించి అడుగుతున్నారో, మీ దగ్గర ఉన్న ఆధారం ఏమిటో, మీరు ఏమి చేయదలచుకున్నారో రాసి, చివర నాలుగు టిల్డాలతో (~~~~) సంతకం చేసి, రెండు మూడు రోజులు ఆగండి. అందరూ ఉద్యోగాల మధ్య, సంసారాల మధ్య వీలు చేసుకుని రాసేవారే, జీతం తీసుకుని అక్కడ కూర్చున్నవారు ఎవరూ లేరు.

మీ ఉత్తరంలో 'నా వ్యాసం' అన్న మాట పదకొండు సార్లు వచ్చింది. తప్పు పట్టడానికి లెక్కపెట్టలేదు, నా తొలి ఉత్తరాలలో ఇంకా ఎక్కువే ఉండేవి. 'మార్పులను ప్రచురించు' అన్న బొత్తాము నొక్కినప్పుడే మీ రాతను ఎవరైనా వాడుకోవచ్చునని, మార్చవచ్చునని ఒప్పుకున్నారు, ఆ సంగతి బొత్తాము పైనే రాసి ఉంటుంది. అందుకు బదులుగా చరితంలో మీ పేరు ఉండిపోతుంది. కొమర్రాజు లక్ష్మణరావుగారు వందేళ్ల కిందట ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని తలకెత్తుకున్నప్పుడు, పండితులకు ఉత్తరాలు రాసి, వ్యాసాలు తెప్పించి, దిద్ది, అచ్చు వేయించే బరువంతా ప్రధానంగా ఒక్కరి మీదనే పడింది. 1923లో ఆయన పోయేనాటికి అది తొలి అక్షరాల దగ్గరే ఉంది, తరువాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు దాన్ని భుజాన వేసుకున్నారు. తెవికీ 2003 డిసెంబరులో మొదలై లక్ష వ్యాసాలు దాటింది. మనలో లక్ష్మణరావుగారంతటి విద్వాంసులు ఉన్నారని కాదు. ఒకరు వదిలిన చోట ఇంకొకరు అందుకునే ఏర్పాటు కుదిరింది, అంతే. తేదీలను 'అక్టోబర్' నుంచి 'అక్టోబరు'గా సరిచేయడమే పనిగా పెట్టుకున్నవారు ఒకరైతే, పేజీలలో పదే పదే వాడే మూసలు మాత్రమే చూసేవారు ఇంకొకరు, ఫోటోలు మాత్రమే తెచ్చేవారు వేరొకరు. మీకు విసుగు పుట్టించే పనిని ఇష్టంగా చేసేవారు ఎక్కడో ఉన్నారని నమ్మి, మీకు ఇష్టమైన పని మీరు చేయండి. దిద్దుబాట్ల సంఖ్య మాత్రం లెక్కపెట్టుకోకండి. ఆ లెక్కలో పడి మూడేసి వాక్యాల మొలకలు వందలుగా నాటి, నీళ్లు పోయకుండా వెళ్లిపోయినవారిని చూశాను.

స్నేహం ప్రతిసారీ కుదురుతుందని హామీ ఇవ్వలేను. ఒక పేరును ఎలా రాయాలన్న వాదం ముదిరి, ఇద్దరు మంచి రచయితలు ఒకే వారంలో మానేసి వెళ్లడం నా కళ్లతో చూశాను. ఆ చర్చ ఇప్పటికీ తెవికీలో అందరూ మాట్లాడుకునే రచ్చబండ పాత పేజీలలో ఉంది, ఇద్దరి వాదనలోనూ బలం ఉంది. నిత్యం రాసేవాళ్లందరినీ ఒక పెళ్లి బస్సులో కూర్చోబెట్టవచ్చు, అంత చిన్న గుంపు మనది. అందులోంచి ఇద్దరు దిగిపోతే ఆ సీట్లు చాలా కాలం ఖాళీగా కనబడతాయి.

చివరగా ఆ మూడో దిద్దుబాటు. మీ ఊరి శివాలయం ఎనిమిది వందల ఏళ్లనాటిదని మీరు రాసిన వాక్యం వ్యాసంలో కనబడకపోయేసరికి అది కూడా పోయిందనుకున్నారు. పోలేదు. ఆయన దానిని యథాతథంగా చర్చా పేజీకి తరలించి, కింద ఇలా అడిగారు: గుడి ముందు శాసనం ఉందని రాశారు, దాని మీద శక సంవత్సరం ఏమైనా చదవగలిగారా, పురావస్తు శాఖవారు వేసిన శాసన సంపుటాలలో ఇది ఉందేమో చూద్దాము, మా గ్రంథాలయంలో ఆ సంపుటాలు ఉన్నాయి. శక సంవత్సరం దొరికితే దానికి డెబ్బై ఎనిమిది కలిపితే మనకు కావలసిన క్రీస్తు శక సంవత్సరం వస్తుంది. మీరు చెప్పే ఎనిమిది వందల ఏళ్లు నిజమైతే అది కాకతీయ రాజు గణపతిదేవుడి కాలం, ఆ వాక్యానికి మీ ఊరి పేజీలో మొదటి పేరాలోనే చోటు ఉంటుంది. పోయిన మంగళవారం రాత్రి తొమ్మిదింటికి ఆయన ఆ ప్రశ్న రాశారు. ఆదివారం మీరు ఊరికి వెళ్తున్నానన్నారు కదా, శాసనం మీద కొంచెం నీళ్లు చల్లి, పక్క నుంచి వెలుతురు పడే వేళ, పొద్దున్నే ఫోటో తీయండి, అక్షరాలు తేలి కనబడతాయి. సున్నమూ, సుద్దా పూయవద్దు. నేను ఇప్పుడే చూశాను, ఆయన ప్రశ్న కింద ఇంకా ఎవరూ ఏమీ రాయలేదు.

ఇట్లు,
మీ తోటి వాడుకరి